నాడీసంధికి సాక్షి: సినాప్టోఫైసిన్ ప్రతిరక్షక చరిత్ర

ఉపోద్ఘాతం

1985లో ‘సెల్’ అనే పరిశోధన పత్రికలో బెర్ట్రం వీడెన్‌మన్, వెర్నర్ ఫ్రాంకే అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు ఒక ప్రోటీన్‌ను పరిచయం చేశారు. ఆవు మెదడులోని నాడీకణాల చివరలలో ఉండే అతిసూక్ష్మమైన తిత్తుల పొరలో అది కనిపించింది. దాని అణుభారం సుమారు 38 వేల డాల్టన్లు. దానికి వారు సినాప్టోఫైసిన్ అని పేరు పెట్టారు. ఆ ప్రోటీన్‌ను పట్టి చూపిన సాధనం చిట్టెలుక కణాలనుంచి తయారైన ఒక ప్రతిరక్షకం. ప్రయోగశాలలో దాని గుర్తు ఎస్‌వై 38.

వ్యాధికారకాలను ఎదుర్కోవడానికి దేహం తయారుచేసుకొనే ప్రోటీన్లను ప్రతిరక్షకాలు అంటారు. వాడుకలో వీటినే యాంటీబాడీలు అంటున్నారు. ఒక ప్రతిరక్షకం ఏ పదార్థాన్ని గుర్తించి పట్టుకొంటుందో ఆ పదార్థం దానికి ప్రతిజనకం. ఈ గుర్తింపు శక్తినే పరిశోధకులు సాధనంగా మలచుకొన్నారు. కంటికి కనబడని ప్రోటీన్ ఎక్కడ ఉందో, ఎంత ఉందో చెప్పవలసి వచ్చినప్పుడు ప్రతిరక్షకాన్ని సాక్షిగా పిలుస్తున్నారు.

ఆ సాక్ష్యానికి ప్రామాణికత ఎలా వచ్చింది, ఎక్కడ సడలింది, దానిని తిరిగి నిలబెట్టడానికి ఏ ప్రయత్నాలు జరిగాయి అన్న మూడు ప్రశ్నలను సినాప్టోఫైసిన్ ప్రతిరక్షకం కేంద్రంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మతిమరపు వ్యాధిలో మెదడు ఏమి కోల్పోతుందన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చిన సమాధానంలో ఈ సాక్ష్యానికి భాగముంది. కాబట్టి ఇది సాధనాల చరిత్రకే పరిమితమైన విషయం కాదు.

చూపుకు అందని సంధి

పందొమ్మిదో శతాబ్ది చివరలో నాడీవ్యవస్థ నిర్మాణంపై రెండు వాదాలు ఉండేవి. నాడీకణాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఎడతెగని వలగా ఏర్పడతాయన్నది మొదటి వాదం. ప్రతి నాడీకణం విడిగానే ఉండి, పక్కకణానికి అతి సమీపంలో నిలుస్తుందన్నది రెండో వాదం. ఇటలీకి చెందిన కామిల్లో గాల్జీ 1873లో వెండి లవణంతో నాడీకణాలకు నల్లరంగు పట్టించే పద్ధతిని ప్రకటించాడు. ఆయన మొదటి వాదాన్ని నమ్మాడు. అదే పద్ధతిని మెరుగుపరచి వాడిన స్పెయిన్ శాస్త్రజ్ఞుడు సాంటియాగో రమోన్ ఇ కహాల్ 1888 నుంచి ప్రచురించిన పరిశోధనల్లో రెండో వాదాన్ని స్థాపించాడు. 1906లో నోబెల్ బహుమతిని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఒకే రంగుతో పనిచేసిన ఇద్దరు పరిశోధకులు రెండు విరుద్ధ నిర్ణయాలకు వచ్చారన్న విషయం ఇక్కడ గమనించదగినది. రంగు కణాన్ని చూపింది, కణాల మధ్య ఎడాన్ని చూపలేకపోయింది.

ఆ ఎడానికి పేరు పెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన చార్లెస్ షెరింగ్టన్. మైకేల్ ఫాస్టర్ శరీరధర్మశాస్త్ర గ్రంథానికి 1897లో వెలువడిన కూర్పులో ‘సినాప్స్’ అన్న మాట తొలిసారి కనిపిస్తుంది. ఆ మాటను సూచించినవాడు శాస్త్రజ్ఞుడు కాదు. కేంబ్రిడ్జ్‌లోని గ్రీకు సాహిత్య పండితుడు ఆర్థర్ వెరాల్. కలిపి పట్టుకోవడం అన్న అర్థమిచ్చే గ్రీకు ధాతువునుంచి ఆయన దానిని తీసి ఇచ్చాడు.

తెలుగులో దీనికి నాడీసంధి అన్న మాట వాడుకలో ఉంది. అయితే వ్యాకరణంలో సంధి అంటే రెండు వర్ణాలు కలిసి ఒకటి కావడం. నాడీసంధిలో రెండు కణాలు దగ్గరవుతాయే గాని కలిసిపోవు. సంధి జరగని చోట రెండు అచ్చుల మధ్య యడాగమం వచ్చి నిలిచే ‘మా యిల్లు’ వంటి రూపాలతో దీనికి పోలిక ఎక్కువ. నాడీకణాల మధ్య అలా వచ్చి నిలిచేది నాడీప్రసారకం అనే రసాయన పదార్థం.

కహాల్ వాదానికి ప్రత్యక్ష నిరూపణ 1950వ దశకంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో లభించింది. రెండు కణాల పొరల మధ్య సుమారు 20 నానోమీటర్ల ఎడం ఉందని, సందేశం పంపే కణం చివరలో సుమారు 40 నానోమీటర్ల వ్యాసం కల తిత్తులు గుంపులుగా ఉన్నాయని తేలింది. నాడీప్రసారకం ఆ తిత్తుల్లో నిలువ ఉండి, సంకేతం వచ్చినప్పుడు వెలుపలికి విడుదలవుతుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఆకారాన్ని చూపింది. ఆ తిత్తుల పొర ఏ ప్రోటీన్లతో కట్టినదో అది చెప్పలేదు. దానికి వేరొక సాధనం కావలసి వచ్చింది.

రక్షణ నుంచి అన్వేషణకు

ప్రతిరక్షకాల చరిత్ర వైద్యంతో మొదలైంది. 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్, షిబాసాబురో కిటసాటో ధనుర్వాతం, డిఫ్తీరియా విషాలపై ప్రయోగాలు చేశారు. ఆ విషాలను తట్టుకొనే శక్తి పొందిన జంతువు రక్తరసం మరొక జంతువును కూడా కాపాడగలదని నిరూపించారు. మరుసటి సంవత్సరం పాల్ ఎర్లిష్ రచనలో ప్రతిరక్షకానికి జర్మన్ పేరు కనిపిస్తుంది. అప్పటికి అది పేరే. పదార్థంగా దాని నిర్మాణం ఎవరికీ తెలియదు.

రక్షించే పదార్థాన్ని వెదికే పదార్థంగా మార్చినవాడు హార్వర్డ్‌లోని ఆల్బర్ట్ కూన్స్. ప్రతిరక్షకానికి ఒక వెలిగే రసాయనాన్ని అతికిస్తే, అది వెళ్ళి పట్టుకొన్న చోటు సూక్ష్మదర్శినిలో వెలుగుతుందన్నది ఆయన ఆలోచన. 1941లో ఆయన బృందం న్యుమోనియా కారక సూక్ష్మజీవులపై దీనిని చేసి చూపింది. ఆపై కణజాలంలోనే ప్రతిజనకాన్ని వెలిగించి చూపే పద్ధతిగా దీనిని పెంపొందించింది. జీవశాస్త్రంలో ‘ఏది’ అన్న ప్రశ్నకు ‘ఎక్కడ’ అన్న ప్రశ్నను జతచేసిన పద్ధతి ఇది.

అయితే ఆనాటి ప్రతిరక్షకాలు జంతువు రక్తరసంనుంచి నేరుగా వచ్చేవి. ఒకే ప్రతిజనకాన్ని వేర్వేరు భాగాల్లో పట్టుకొనే అనేక ప్రతిరక్షకాలు అందులో కలిసి ఉండేవి. ఆ జంతువు చనిపోతే అదే రక్తరసం మళ్ళీ దొరకదు. ఈ ఇబ్బందికి 1975లో కేంబ్రిడ్జ్‌లో పరిష్కారం దొరికింది. జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ప్రతిరక్షకాన్ని తయారుచేసే చిట్టెలుక కణాన్ని, అంతులేకుండా విభజన చెందే క్యాన్సర్ కణంతో కలిపారు. అలా పుట్టిన సంకరకణం ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంతకాలమైనా తయారుచేస్తుంది. దీనినే మోనోక్లోనల్ ప్రతిరక్షకం అంటారు. ఆ పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. కాబట్టి అది కొద్ది సంవత్సరాల్లోనే ప్రపంచంలోని ప్రయోగశాలలకు విస్తరించింది. 1984లో వారిద్దరికీ నీల్స్ యెర్నెతో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

1979లో మరొక పద్ధతి తోడైంది. ప్రోటీన్లను అణుభారం ప్రకారం జెల్‌లో విడదీసి, ఒక పలుచని పొరపైకి ఎక్కించి, ప్రతిరక్షకంతో వెదికే పద్ధతిని హ్యారీ టోబిన్ బృందం ప్రచురించింది. డీఎన్‌ఏకు సంబంధించిన ఇటువంటి పద్ధతికి ఎడ్విన్ సదరన్ పేరుమీద ‘సదరన్ బ్లాట్’ అన్న పేరు అప్పటికే ఉంది. ఆయన ఇంటిపేరుకు దక్షిణ దిక్కు అన్న అర్థం ఉండడంతో, 1981లో నీల్ బర్నెట్ చమత్కారంగా దీనికి పడమటి దిక్కు పేరు పెట్టాడు. అదే నేటి ‘వెస్టర్న్ బ్లాట్’.

ప్రోటీన్ కంటే ముందు ప్రతిరక్షకం

ఏదైనా ప్రోటీన్‌ను శుద్ధిచేసి, దాని గుణాలు తెలుసుకొని, ఆ తరువాత దానికి ప్రతిరక్షకాన్ని తయారుచేయడం ఒక మార్గం. యేల్‌లో పాల్ గ్రీన్‌గార్డ్ బృందం 1970వ దశకంలో గుర్తించి, తరువాత సినాప్సిన్ అని పిలిచిన ప్రోటీన్ విషయంలో జరిగింది ఇదే. మోనోక్లోనల్ పద్ధతి వచ్చాక ఈ వరుస తలకిందులైంది. నాడీకణాల చివరలనుంచి వేరుచేసిన పదార్థాన్ని మొత్తంగా చిట్టెలుకలకు ఎక్కించి, పుట్టిన వందలాది సంకరకణాల్లో నాడీసంధిని వెలిగించేవాటిని ఎన్నుకోవడం మొదలైంది. అంటే ప్రోటీన్ పేరైనా తెలియకముందే దానిని గుర్తుపట్టే ప్రతిరక్షకం చేతికి వచ్చేది.

1981లో కాలిఫోర్నియాలో లూయిస్ రైకార్ట్ బృందం ఇలాగే 65 వేల డాల్టన్ల ప్రోటీన్‌ను గుర్తించింది. చాలాకాలం దానికి ‘పి 65’ అన్న అంకెల పేరే ఉండేది. 1990లో థామస్ స్యూడాఫ్, రైన్‌హార్డ్ యాన్ తదితరులు దాని నిర్మాణాన్ని వెల్లడించాక సినాప్టోటాగ్మిన్ అన్న పేరు స్థిరపడింది. కాల్షియం సంకేతాన్ని అందుకొని తిత్తిని తెరిపించే కీలకమైన ప్రోటీన్ అదేనని తరువాతి పరిశోధనలు తేల్చాయి. స్యూడాఫ్‌కు 2013లో లభించిన నోబెల్ బహుమతికి ఈ పరిశోధన ఒక ముఖ్య ఆధారం.

1985లో క్యాథ్లీన్ బక్లీ, రెజిస్ కెల్లీ విద్యుదాఘాతమిచ్చే ఒక సముద్రపు చేప విద్యుదవయవంనుంచి తిత్తులను సేకరించి ప్రతిరక్షకాన్ని తయారుచేశారు. చేపకోసం తయారైన ఆ ప్రతిరక్షకం క్షీరదాల నాడీకణాల తిత్తులను కూడా పట్టుకొంది. అది గుర్తించిన ప్రోటీన్ పేరు ఎస్‌వి 2. ఆ సంకరకణాన్ని వారు అమెరికాలో 1986లో ఏర్పడిన సంకరకణ నిధికి ఇచ్చారు. ప్రస్తుతం అయోవా విశ్వవిద్యాలయంలో ఉన్న ఆ నిధి నేటికీ దానిని పరిశోధకులకు అందిస్తోంది.

ఎస్‌వై 38 ఈ వరుసలోనిదే. అదే 1985లో యాన్, గ్రీన్‌గార్డ్ బృందం కూడా ఇదే ప్రోటీన్‌ను ‘పి 38’ పేరుతో స్వతంత్రంగా ప్రకటించింది. రెండు ప్రయోగశాలలు, రెండు వేర్వేరు ప్రతిరక్షకాలు ఒకే ప్రోటీన్‌ను చూపడం ఆ ఆవిష్కరణకు బలం చేకూర్చింది. 1987లో దాని జన్యుక్రమం వెల్లడైంది. పొరను నాలుగుసార్లు దాటే ప్రోటీన్ అది. దాని రెండు చివరలూ తిత్తి వెలుపల, కణద్రవంలో ఉంటాయి. 2006లో జరిగిన ఒక లెక్క ప్రకారం ఒక్కొక్క తిత్తిలో సుమారు 32 సినాప్టోఫైసిన్ అణువులు ఉంటాయి. తిత్తి పొరలో సమృద్ధిగా ఉండే ప్రోటీన్ల జాబితాలో దానికి పైస్థానముంది. సమృద్ధిగా ఉండేదాన్ని వెలిగించడం తేలిక. గుర్తుగా సినాప్టోఫైసిన్ పొందిన ప్రచారానికి ఇది మొదటి కారణం.

సాక్ష్యం తీసుకొనే తీరు

మెదడు ముక్కను మొదట ఫార్మాల్డిహైడ్ వంటి రసాయనంతో స్థిరపరుస్తారు. తరువాత పలుచని పొరలుగా కోసి, కణపొరలో రంధ్రాలు ఏర్పడేలా డిటర్జెంట్‌తో కడుగుతారు. సినాప్టోఫైసిన్ కణం లోపలి ప్రోటీన్ కాబట్టి ఈ దారి తెరవక తప్పదు. ఆపై ఎస్‌వై 38ను చేరుస్తారు. దానిని పట్టుకొనే రెండో ప్రతిరక్షకానికి వెలిగే రసాయనమో, రంగు పుట్టించే ఎంజైమో అతికించి ఉంటుంది. చివరకు సూక్ష్మదర్శినిలో చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తుంది.

ఆ ఒక్కొక్క చుక్కను ఒక్కొక్క నాడీసంధిగా లెక్కపెట్టడం సులభం. కాని ఆ లెక్కలో రెండు ఊహలు దాగి ఉన్నాయి. ప్రతిరక్షకం పట్టుకొన్నది సినాప్టోఫైసిన్‌నే అన్నది మొదటి ఊహ. సినాప్టోఫైసిన్ ఉన్నచోట నాడీసంధి ఉందన్నది రెండోది. సాధారణ కాంతి సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదు. 20 నానోమీటర్ల ఎడం దానికి అందదు. కాబట్టి ఆ చుక్క తిత్తుల గుంపును చూపుతుందే గాని సంధిని చూపదు.

ఈ కారణంవల్లనే జాగ్రత్తగల పరిశోధకులు సంధికి ఆవలి ఒడ్డున ఉండే మరొక ప్రోటీన్‌ను కూడా వేరొక రంగుతో వెలిగిస్తారు. ఉత్తేజపరిచే సంధుల ఆవలి ఒడ్డున ఉండే పిఎస్‌డి 95 అందుకు తరచుగా ఉపయోగపడుతుంది. రెండు రంగులూ పక్కపక్కన కనిపించినప్పుడే ఆ చోటును సంధిగా లెక్కిస్తారు. ఒక్క సాక్షి చాలదన్న ఎరుక ఈ పద్ధతిలోనే ఉంది.

గుర్తు వేరు, పని వేరు

సినాప్టోఫైసిన్ చరిత్రలో 1996 ఒక మలుపు. స్యూడాఫ్, ఆయన సహపరిశోధకులు ఆ ప్రోటీన్ జన్యువును తొలగించిన చిట్టెలుకలను తయారుచేశారు. తిత్తులలో అంత సమృద్ధిగా ఉన్న ప్రోటీన్ లేకపోతే నాడీప్రసారం స్తంభిస్తుందని ఎవరైనా ఊహిస్తారు. ఆ చిట్టెలుకలు మాత్రం బతికాయి, పిల్లలను కన్నాయి. నాడీప్రసారక విడుదలకు సినాప్టోఫైసిన్ అనివార్యం కాదని తేలింది. తిత్తులు తిరిగి ఏర్పడే సమయంలో మరొక ప్రోటీన్‌ను సరైన చోటికి చేర్చడంలో దాని పాత్రను 2011లో వెలువడిన పరిశోధన గుర్తించింది.

ప్రతిరక్షకం ప్రాచుర్యం పొందిన దశాబ్దంపాటు దాని ప్రతిజనకం చేసే పని తెలియదు. పని తెలియకపోయినా అది గుర్తుగా నిలిచింది. ఈ రెండింటినీ వేరుగా చూడడం శాస్త్రచరిత్రకు అవసరం. వైద్యరంగంలో దాని ఉపయోగం కూడా గుర్తుగానే విస్తరించింది. నాడీకణాలతో పాటు హార్మోనులను విడుదలచేసే కొన్ని కణాల్లోనూ సినాప్టోఫైసిన్ ఉంటుంది. ఆ కణాలనుంచి పుట్టిన కణితులను దీనితో గుర్తించవచ్చునని 1986లోనే వీడెన్‌మన్, ఫ్రాంకే, వారి సహచరులు చూపారు. నేడు నాడీ అంతస్స్రావ కణితుల నిర్ధారణలో రోగనిర్ణయ ప్రయోగశాలలు వాడే ప్రధాన గుర్తులలో ఇది ఒకటి.

అన్నిటికంటే బరువైన సాక్ష్యం అల్జీమర్స్ వ్యాధికి సంబంధించినది. ఆ వ్యాధి మెదడులో కనిపించే ఫలకాలు, చిక్కుముడులు మతిమరపుకు కారణమని చాలాకాలం భావించారు. 1991లో రాబర్ట్ టెరీ బృందం 15 మంది వ్యాధిగ్రస్తుల మెదడును, వ్యాధి లేని 9 మంది మెదడును పరిశీలించింది. నాడీసంధుల సాంద్రతను కొలవడానికి వారు ప్రతిరక్షకంతో పట్టించిన రంగు గాఢతపై ఆధారపడ్డారు. జీవించి ఉండగా చేసిన మానసిక పరీక్షల ఫలితాలకు ఫలకాలతో, చిక్కుముడులతో సంబంధం బలహీనంగా ఉంది. సంధుల సాంద్రతతో మాత్రం చాలా బలంగా ఉంది. జ్ఞాపకం క్షీణించడానికి అన్నిటికంటే దగ్గరి సూచిక సంధుల నష్టమేనన్న అభిప్రాయం అక్కడినుంచి పరిశోధనలో స్థిరపడింది.

ఆ రంగు తగ్గడానికి ఇతర కారణాలు ఉండవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనది. సంధులు అన్నే ఉండి, ఒక్కొక్క దానిలో తిత్తులు తగ్గినా రంగు తగ్గుతుంది. దీనికి సమాధానం మరొక దారిలో వచ్చింది. 1990లో స్టీవెన్ డికోస్కీ, స్టీఫెన్ షెఫ్ జీవించి ఉన్న వ్యాధిగ్రస్తుల మెదడునుంచి తీసిన చిన్న ముక్కలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి సంధులను నేరుగా లెక్కించారు. ఆ పద్ధతిలో ప్రతిరక్షకం ప్రమేయం లేదు. అక్కడా సంధులు తగ్గాయి, ఆ తగ్గుదల మానసిక క్షీణతతో సరిపోలింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సాక్ష్యాలు ఏకీభవించడమే ఆ నిర్ణయానికి బలం.

సాక్షిని ప్రశ్నించిన కాలం

అన్ని ప్రతిరక్షకాలకూ ఇటువంటి అదృష్టం పట్టలేదు. 1990వ దశకంనుంచి ప్రతిరక్షకాల తయారీ వాణిజ్యంగా పెరిగింది. జన్యుక్రమం తెలిస్తే చాలు, ప్రోటీన్‌లోని చిన్న ముక్కను కృత్రిమంగా తయారుచేసి, దానికి ప్రతిరక్షకాన్ని పుట్టించి అమ్మడం సాధ్యమైంది. కొన్నవారు సీసాపైనున్న పేరునే ప్రమాణంగా తీసుకోవడం అలవాటైంది.

నాడీసంధుల వద్ద ఉండే ఆల్ఫా 7 నికోటినిక్ గ్రాహకం విషయంలో ఏమి జరిగిందో చూడవచ్చు. దానికి తయారైన ప్రతిరక్షకాలను, ఆ గ్రాహక జన్యువును తొలగించిన చిట్టెలుకల మెదడుపై 2004లోను, 2007లోను పరీక్షించారు. గ్రాహకమే లేని మెదడులో కూడా పరీక్షించిన ప్రతిరక్షకాలు సాధారణ మెదడులో లాగే రంగు పట్టించాయి. లేని ప్రోటీన్‌ను ఉన్నట్టు చూపిన సాక్ష్యం ఇది. అటువంటి ప్రతిరక్షకాలపై ఆధారపడిన నిర్ణయాలన్నిటినీ తిరిగి పరిశీలించవలసిన అవసరం ఏర్పడింది.

మరొక ఉదాహరణ ఇంతకంటే సూక్ష్మమైనది. నిరోధక సంధులలో ఉండే గెఫిరిన్ అనే ప్రోటీన్‌ను గుర్తించే ‘7ఎ’ ప్రతిరక్షకం 1984లో హైన్‌రిష్ బెట్స్ బృందం ప్రచురించినది. అది దశాబ్దాలపాటు విశ్వసనీయమైన సాధనంగా చెలామణి అయింది. 2012లో వెలువడిన పరిశోధన ఒక కొత్త విషయం చెప్పింది. గెఫిరిన్‌లో ఒక నిర్దిష్ట స్థానంలో ఫాస్ఫేటు చేరినప్పుడే ఆ ప్రతిరక్షకం దానిని గుర్తిస్తుంది. కాబట్టి ఒక ప్రయోగంలో రంగు తగ్గితే గెఫిరిన్ తగ్గిందనో, గెఫిరిన్ అంతే ఉండి దాని స్థితి మారిందనో రెండు విధాలుగా చెప్పవచ్చు. ఇక్కడ సాక్షి అబద్ధం చెప్పలేదు. విన్నవారు ఆ మాట పరిధిని గ్రహించలేదు.

నాడీశాస్త్ర పత్రికలలో ఈ విషయంపై గట్టిగా మాట్లాడినవారు క్లిఫర్డ్ సేపర్, పాల్ సాచెంకో. 2003లో ‘జర్నల్ ఆఫ్ కంపారెటివ్ న్యూరాలజీ’లో వారు ప్రతిరక్షకాల వాడుకలో పాటించవలసిన నియమాలను ప్రకటించారు. 2005లో సేపర్ సంపాదకునిగా పాఠకులకు బహిరంగ లేఖ రాశాడు. ప్రతిరక్షకం ఎక్కడినుంచి వచ్చింది, దేనికోసం తయారైంది, అది పట్టుకొనేది ఆ ప్రోటీన్‌నే అనడానికి రుజువు ఏమిటి అన్న వివరాలు లేని వ్యాసాలను అంగీకరించబోమన్నది ఆ లేఖ సారాంశం. 1891లో స్థాపితమైన పత్రిక ఒక సాధనం విషయంలో ఇంత కఠినంగా వ్యవహరించడం సమస్య తీవ్రతను తెలుపుతుంది.

ప్రామాణికత పునఃస్థాపన

ప్రాచీన కావ్యాల పరిష్కరణతో పరిచయమున్నవారికి ఈ సమస్య కొత్తది కాదు. ఒక్క తాళపత్రప్రతిలో ఉన్న పాఠాన్ని కవి పాఠంగా ఏ పరిష్కర్తా నేరుగా స్వీకరించడు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను అచ్చుకు సిద్ధంచేసినప్పుడు అనేక ప్రతులను సేకరించి పోల్చాడు. ప్రతి ఎక్కడ దొరికింది, ఏ ప్రతికి నకలు, ఇతర ప్రతులతో ఎక్కడ విభేదిస్తోంది అన్న ప్రశ్నల తరువాతే పాఠనిర్ణయం జరుగుతుంది. ఒకే మూలంనుంచి పుట్టిన పది నకళ్ళు ఏకీభవించినా అవి ఒక్క సాక్షితో సమానం. సేపర్ అడిగిన ప్రశ్నలు సారాంశంలో ఇవే.

2016లో మథియాస్ ఉలేన్ తదితరులు ప్రతిరక్షకాల పరీక్షకు ఐదు మార్గాలను ప్రతిపాదించారు. జన్యువును తొలగించిన కణాల్లో రంగు మాయమవుతున్నదా అని చూడడం మొదటిది. ప్రతిరక్షకంతో సంబంధం లేని వేరొక పద్ధతితో ఫలితాన్ని పోల్చడం రెండోది. అదే ప్రోటీన్‌లోని మరొక భాగాన్ని గుర్తించే స్వతంత్ర ప్రతిరక్షకంతో సరిచూడడం మూడోది. ప్రోటీన్‌కు గుర్తుతోకను తగిలించి పోల్చడం నాలుగోది. ప్రతిరక్షకం పట్టితెచ్చిన పదార్థాన్ని ద్రవ్యరాశి వర్ణపటంతో విశ్లేషించడం ఐదోది. సినాప్టోఫైసిన్ విషయంలో వీటిలో కొన్ని ప్రణాళిక లేకుండానే చరిత్రక్రమంలో జరిగిపోయాయి. 1985 నాటి రెండు స్వతంత్ర ప్రతిరక్షకాలు, 1990 నాటి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లెక్క, 1996 నాటి జన్యువు లేని చిట్టెలుకలు ఆ కోవలోనివే.

మోనోక్లోనల్ అన్న పేరే శుద్ధతకు హామీ కాదని 2018లో తేలింది. పరీక్షించిన 185 సంకరకణాలలో 31.9 శాతం, ఉద్దేశించిన ప్రతిరక్షకంతో పాటు అదనపు ప్రోటీన్ గొలుసులను కూడా తయారుచేస్తున్నాయి. పైగా సంకరకణాలు కాలక్రమంలో నశించవచ్చు, మారవచ్చు. ఇందుకు పరిష్కారంగా ప్రతిరక్షకం జన్యుక్రమాన్ని నమోదుచేసి, దానినుంచి పునస్సంయోజక పద్ధతిలో తయారుచేయాలని 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లుక్తున్ ‘నేచర్’ పత్రికలో కోరారు. వారి విజ్ఞప్తికి 110 మంది సహసంతకాలు చేశారు. క్రమం అక్షరబద్ధమైతే నకలు ఎన్నిసార్లు తీసినా పాఠం మారదు. కాలిఫోర్నియాలో జేమ్స్ ట్రిమ్మర్ బృందం నాడీశాస్త్రానికి ఉపయోగపడే సంకరకణాలను ఈ విధంగా మార్చి 2019లో ప్రచురించింది.

2023లో ప్రచురితమైన మరొక అంతర్జాతీయ ప్రయత్నంలో నాడీశాస్త్రానికి సంబంధించిన 65 ప్రోటీన్లకు అమ్మకంలో ఉన్న 614 ప్రతిరక్షకాలను, సంబంధిత జన్యువు లేని కణాలతో పోల్చి పరీక్షించారు. పునస్సంయోజక ప్రతిరక్షకాలు సగటున మెరుగ్గా పనిచేశాయి. పరీక్షలో విఫలమైన ప్రతిరక్షకాల ఆధారంగా అప్పటికే అనేక వ్యాసాలు వెలువడి ఉన్నాయన్నది ఆ అధ్యయనం చెప్పిన మరొక విషయం.

ముగింపు

2016లో యేల్ పరిశోధకులు జీవించి ఉన్న మనిషి మెదడులో నాడీసంధుల సాంద్రతను స్కానింగ్ ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతి ఆధారపడింది ఎస్‌వి 2 కుటుంబానికి చెందిన ప్రోటీన్‌పై. 1985లో చేప విద్యుదవయవంనుంచి పుట్టిన ప్రతిరక్షకం మొదట చూపిన కుటుంబం అదే. ఆ ప్రోటీన్ నాడీసంధుల సాంద్రతకు తగిన గుర్తా కాదా అని తేల్చడానికి వారు బబూన్ మెదడు ముక్కలలో దాని పరిమాణాన్ని, సినాప్టోఫైసిన్ పరిమాణంతో పోల్చి చూశారు. కొత్త సాక్షిని పాత సాక్షితో సరిచూడడం ఇది. పాత సాక్షి నమ్మదగినది కాకపోయి ఉంటే కొత్త కొలతకు కూడా ఆధారం ఉండేది కాదు.

సినాప్టోఫైసిన్ ప్రతిరక్షకానికి ప్రామాణికత దాని రంగు స్పష్టతవల్ల రాలేదు. స్పష్టమైన రంగు ఆల్ఫా 7 గ్రాహకం లేని మెదడులో కూడా కనిపించింది. వేర్వేరు ప్రయోగశాలలు, వేర్వేరు పద్ధతులు దానిని నాలుగు దశాబ్దాలుగా ప్రశ్నిస్తూ రావడంవల్ల, ప్రతిసారీ సమాధానం నిలబడడంవల్ల ఆ ప్రామాణికత వచ్చింది. ఆ ప్రశ్నలు దాని పరిధిని కూడా నిర్ణయించాయి. అది తిత్తుల ఉనికిని చెబుతుంది, సంధి పనితీరును చెప్పదు. రోగి జ్ఞాపకం గురించి, కణితి స్వభావం గురించి ఒక సూక్ష్మదర్శిని చిత్రం ఆధారంగా నిర్ణయం తీసుకొనే ప్రతి సందర్భంలోనూ ఈ పరిధిని గుర్తుంచుకోవలసి ఉంటుంది. తాళపత్రమైనా, ప్రతిరక్షకమైనా ప్రశ్నించి చూసిన తరువాతే ప్రమాణమవుతుంది.